విశాఖ నుండి శ్రీకాకుళం దాకా: కొండలూ కడలీ వినిపించిన చరిత్ర

భూమిపై సంచరించండి, మీకు పూర్వం గతించినవారి ముగింపు ఎలా ఉందో చూసి ఆలోచించండి అని దివ్య ఖుర్‌ఆన్ మానవుణ్ణి పలు సందర్భాలలో ఆహ్వానించింది. అయినా మన కుటుంబాలలో ప్రయాణం అనగానే మనసులో మెదిలేవి పెళ్ళిళ్ళు, చావు కబుర్లు, ఆసుపత్రులు, గల్ఫ్‌కు వెళ్ళే బిడ్డను సాగనంపే విమానాశ్రయం. చూడడానికని, తెలుసుకోవడానికని ఇంటిల్లిపాదీ బయలుదేరడం అరుదు. అందులోనూ ఇంటి ఆడవారు, వృద్ధులు అలా బయలుదేరడం మరీ అరుదు.

హైదరాబాద్ ఖాజాగూడలో మేము నివసించే వీధిలో తొమ్మిది ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలలో కంప్యూటర్ల ముందు కూర్చునేవారూ, అక్కడికి ఉద్యోగులను చేరవేసే కార్లు నడిపేవారూ, చిన్న దుకాణాలు నడుపుకునేవారూ మాలో ఉన్నారు. నెలనెలా కొంత సొమ్ము ఒకచోట జమచేసి, ఏడాది తరువాత జనవరి నెలలో ఒక టూరిస్టు బస్సు మాట్లాడుకున్నాము. పసిపిల్లలతో కలిపి ముప్పై ఎనిమిది మందిమి. గమ్యం విశాఖపట్నం, భీమునిపట్నం, శ్రీకాకుళం. రానుపోను రెండు రాత్రులు, నడుమ మూడు పగళ్ళు.

ఈ ఆలోచనకు మొదట అందరూ సమ్మతించలేదు. "సముద్రం చూడకపోతే ఆడవాళ్ళకు వచ్చిన లోటేమిటి? ఆ డబ్బుతో ఒక పిల్ల ఫీజు కట్టవచ్చు కదా" అని పెద్దలు ఇద్దరు అన్నారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. అందుకే ఒక షరతు పెట్టుకున్నాము: ఇది షికారు మాత్రమే కాకూడదు. పిల్లలు ప్రతి చోటా ఏదో ఒకటి నేర్చుకోవాలి, నోటుపుస్తకంలో రాసుకోవాలి. విశాఖలో చరిత్ర తెలిసిన స్థానిక గైడును పెట్టుకోవాలి. ఏ నమాజూ తప్పిపోకూడదు. ఇలా ఒప్పుకున్నాకే ఆ పెద్దలు కూడా మాతో బస్సెక్కారు.

సర్కారుల బాటలో

గురువారం ఇషా నమాజు తరువాత బయలుదేరాము. హైదరాబాద్ నుండి విశాఖపట్నానికి రోడ్డు మార్గాన 600 కిలోమీటర్ల పైమాటే. మన ఊరి పొలిమేర దాటి నిర్ణీత దూరం ప్రయాణించే వ్యక్తికి షరీఅత్ ఖస్ర్ సౌలభ్యాన్ని ఇచ్చింది. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులవుతుంది. పిల్లలలో చాలామందికి ఇది పుస్తకంలో చదివిన మాట మాత్రమే. ఈ ప్రయాణంలో వారు దాన్ని ఆచరణలో చూశారు. ధర్మం మనిషికి భారం కాకుండా తోడుగా ఎలా నడుస్తుందో వివరించడానికి అంతకు మించిన పాఠం మాకు దొరకలేదు.

ఫజ్ర్ వేళకు రాజమహేంద్రవరం చేరాము. ఊరి ప్రధాన వీధిలో ఉన్న ప్రాచీన మసీదు వద్ద బస్సు ఆపించాము. ద్వారం మీది పారశీక శాసనం ప్రకారం ఈ మసీదు నిర్మాణం 1324 సంవత్సరంలో జరిగింది. ఢిల్లీలో అప్పుడు గియాసుద్దీన్ తుగ్లక్ పాలన. ఆయన కుమారుడు ఉలుగ్ ఖాన్, అనగా తరువాతి కాలపు ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును జయించిన మరుసటి ఏడాది అది. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. అంటే చార్మినార్‌కు పునాది పడడానికి 267 సంవత్సరాల ముందే గోదావరి ఒడ్డున అజాన్ వినిపించిందన్నమాట. ఈ లెక్క చెప్పగానే పిల్లలు నోటుపుస్తకాలు తెరిచారు.

యుద్ధాల వెంట వచ్చిన కట్టడాల కథలో విజయం ఒకరిదైతే నష్టం ఇంకొకరిది. ఆ సంగతిని కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలని మాలోని విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు పట్టుబట్టారు. చరిత్రను గర్వం కోసమో పగ కోసమో చదివితే కళ్ళు మూసుకుపోతాయని, గుణపాఠం కోసం చదివితే తెరుచుకుంటాయని ఆయన అభిప్రాయం.

తెల్లవారాక బస్సు ఉత్తరానికి సాగుతుండగా ఆయనే మైకు అందుకున్నారు. మేము ఇప్పుడు ప్రయాణిస్తున్న ఈ తీర ప్రాంతమంతా ఒకనాటి "ఉత్తర సర్కారులు". గుంటూరుకు ముర్తజానగర్ అనీ, కొండపల్లికి ముస్తఫానగర్ అనీ పేర్లు. వాటితో పాటు ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్ అనబడే శ్రీకాకుళం, మొత్తం అయిదు సర్కారులు. 16వ శతాబ్దిలో గోల్కొండ కుతుబ్‌షాహీలు ఈ తీరానికి విస్తరించారు. 1687లో గోల్కొండ పతనమయ్యాక ఇది మొగలుల చేతికి, 1724 తరువాత హైదరాబాద్ నిజాముల ఏలుబడికి వచ్చింది. 1753లో సలాబత్ జంగ్ తన సైన్యానికి తోడ్పడిన ఫ్రెంచివారికి జీతభత్యాల కింద సర్కారులను అప్పగించాడు. 1759లో మచిలీపట్నం వద్ద ఫ్రెంచివారు ఓడారు. 1766 సంధితో నిజాం అలీ ఖాన్ వీటిని ఆంగ్లేయులకు వదిలాడు. గుంటూరు మాత్రం 1788లో వెళ్ళింది. 1823లో మిగిలిన హక్కుల కింద కొంత సొమ్ము తీసుకోవడంతో హైదరాబాద్‌కూ ఈ సముద్రానికీ ఉన్న బంధం పూర్తిగా తెగిపోయింది.

"అంటే మన హైదరాబాద్‌కు ఒకప్పుడు సముద్రం ఉండేదా సార్?" అని ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అడిగింది. "ఉండేది బేటీ. సిపాయిల జీతాలకు బదులుగా పోయింది" అన్నారాయన. అప్పు చేసి పరాయి సైన్యాన్ని పోషించిన ఇంటికి చివరికి ఆస్తి మిగలదని పక్క సీట్లోని పెద్దాయన ఒకరు గొణిగారు. కిస్తీల మీద బతుకుతున్న మా తరానికి ఆ మాట సూటిగానే తగిలింది.

ఓడరేవును కాచే మూడు కొండలు

విశాఖపట్నంలో మా గైడు బస్సెక్కాడు. జాలరిపేటలో పుట్టి డిగ్రీ చదివిన యువకుడు. మొదటి మాటగా, "మన దేశపు తూర్పు తీరంలో ఎక్కువ భాగం చదునుగా ఉంటుందండి. నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టి నేల అది. కొండలు తిన్నగా సముద్రంలోకి దిగే చోటు చూడాలంటే మాత్రం మా ఊరే రావాలి" అన్నాడు.

అతని మాటలో నిజముంది. తూర్పు కనుమల కొసలు ఇక్కడ నీటిని తాకుతాయి. వాటిలో పేరుపడ్డది డాల్ఫిన్స్ నోస్. డాల్ఫిన్ ముక్కు వలె సముద్రంలోకి పొడుచుకువచ్చిన ఈ కొండపైనే ఓడలకు దారి చూపే దీపస్తంభం ఉంది. కొండలోని రాయిని ఖోండలైట్ అంటారు. 1902లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశా కొండలలోని ఖోండు గిరిజనుల పేర దీనికి ఆ నామకరణం చేశాడు. ఒకనాటి బురద, ఇసుక పొరలు భూగర్భంలో కూరుకుపోయి, సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై ఇలా మారాయి. ఆ కాలంలో ఈ తీరం అంటార్కిటికా ఖండంతో అతుక్కుని ఉండేది. ఇదే కుదురుకు చెందిన శిలలు ఇప్పటికీ అక్కడి మంచు కింద ఉన్నాయి. రెండు భూభాగాలూ విడిపోయిన చీలికలోకి నీరు చేరి నేటి బంగాళాఖాతపు పడమటి తీరం ఏర్పడింది.

డాల్ఫిన్స్ నోస్ చాటున విశాఖ ఓడరేవు ఉంది. తుఫానుల నుండి ఓడలకు కొండే కాపు. ఒకప్పటి చిత్తడి నేలను తవ్వి, రాళ్ళు నింపిన రెండు పాత ఓడలను ముఖద్వారం వద్ద ముంచి, అలలకు అడ్డుకట్ట కట్టి ఈ రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ తొలిసారి ఇందులో ప్రవేశించింది. తొమ్మిదేళ్ళు తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయింది.

రేవు ముఖద్వారం ఎదుట మూడు చిన్న కొండలు వరుసగా నిలిచి ఉన్నాయి. ఒకదానిపై రాస్ కొండ చర్చి, ఒకదానిపై వేంకటేశ్వర ఆలయం, నడిమి కొండపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. స్థానికులు దాన్ని దర్గా కొండ అనే పిలుస్తారు. సముద్రంపైకి వెళ్ళే నావికులు, మత్స్యకారులు ఏ మతస్థులైనా మూడు కొండలవైపూ చూసి చేయెత్తి వెళతారని గైడు చెప్పాడు. మేము మెట్లెక్కి, అక్కడ విశ్రమిస్తున్న మహనీయుని కొరకు దుఆ చేసి, పైనుండి రేవును చూశాము. కింద పెద్ద ఓడ ఒకటి రెండు చిన్న టగ్గుల సాయంతో మెల్లగా లోపలికి వస్తోంది. అంత ఎత్తు నుండి చూస్తే ఓడా, చర్చీ, గుడీ, దర్గా అన్నీ ఒకే చూపులో ఇమిడిపోయాయి.

సముద్రంతో తొలి పరిచయం

మా బృందంలో 72 ఏళ్ళ వృద్ధురాలు ఒకరున్నారు. వీధిలో అందరం ఆమెను దాదీ అంటాము. ఆమె పెద్ద కుమారుడు పందొమ్మిదేళ్ళుగా జిద్దాలో ఉన్నాడు. జీవితంలో తొలిసారి సముద్రం చూసిన ఆమె చాలాసేపు ఏమీ పలుకలేదు. తరువాత గైడును పిలిచి, "బేటా, నా కొడుకుండే జిద్దా ఈ నీటికి అవతలేనా?" అని అడిగారు.

"కాదు మామ్మగారూ, జిద్దా మన వెనక్కి, పడమటి దిక్కున ఉందండి. ఈ నీటికి అవతల ఉన్నది బర్మా" అన్నాడతడు. దాదీ ముఖం చిన్నబోయింది. అది గమనించి అతడు ఇసుకలో ఆమె పక్కనే కూర్చుని తమ ఇంటి సంగతి చెప్పాడు. బ్రిటిషు కాలంలో ఈ తీరపు పేదలు వేల సంఖ్యలో కూలికి రంగూన్ వెళ్ళేవారు. ఇక్కడి పల్లెలలో ఆ ఊరిని "రంగం" అంటారు. బియ్యపు మిల్లులలో, రేవులలో మన తెలుగువారి కండలే పనిచేశాయి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు ఓడలు దొరకక లక్షలాది భారతీయులు అడవుల గుండా కాలినడకన తిరుగుముఖం పట్టారు. ఎందరో దారిలోనే నేలకొరిగారు. "మా ముత్తాత అలా వెళ్ళినవాడేనండి. ఆయన తల్లి రోజూ ఈ ఒడ్డుకే వచ్చి కూర్చునేదట" అన్నాడు.

దాదీ అతని తల నిమిరారు. గల్ఫ్ దేశాలలో ఉన్న బిడ్డల కోసం ఎదురుచూసే మన తల్లులకు ఈ ఒడ్డున నూరేళ్ళ కిందటే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. మతం వేరు, ఎదురుచూపు ఒక్కటే.

అస్ర్ నమాజుకు ఇసుకపై చాపలు పరిచాము. ఖిబ్లా పడమర దిక్కు కనుక సముద్రానికి వీపు పెట్టి నిలబడవలసి వచ్చింది. అలల ఘోష వెనుక నుండి వినబడుతుంటే ఇమామ్ స్వరం కోసం చెవులు రిక్కించాము.

ఇక్కడ ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. విశాఖ తీరం అందమైనదే కాని ప్రమాదకరమైనది కూడా. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి వెళ్ళేటప్పుడు కొన్నిచోట్ల ఇరుకైన కాలువలా చేరి మనిషిని బలంగా లోనికి లాగుతుంది. ఆ చోట అలలు విరగవు, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఎరగని పిల్లలు సరిగ్గా అక్కడికే దిగుతారు. మా కుర్రవాళ్ళు నలుగురు ప్యాంట్లు మడిచి అటువంటి చోటికే పరుగెత్తారు. గైడు విజిల్ ఊది, చేతులు పట్టి వెనక్కు తెచ్చాడు. అందరినీ కూర్చోబెట్టి ఇలా చెప్పాడు: నీరు లోనికి లాగితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోయి మునిగిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు తిరగాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చేయెత్తి సాయం కోరాలి. రక్షించబోయేవారు తాము దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. మోకాలి లోతు దాటవద్దన్న అతని నియమాన్ని ఆ మూడు రోజులూ ఎవరూ మీరలేదు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానిని కాపాడుకోవడం కూడా ఆరాధనే.

సాయంత్రం కురుసుర జలాంతర్గామిని చూశాము. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో సేవలందించిన ఈ 91 మీటర్ల ఉక్కు నౌక 2002 నుండి రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉంది. మనిషి నడుం వంచుకుని వెళ్ళవలసిన ద్వారాలు, ఒకదానిపై ఒకటి పేర్చిన పడకలు చూశాక, ఇరుకు ఇల్లని రోజూ సణిగే మా పిల్లలు కొంతసేపు మౌనం వహించారు.

ఎర్రమట్టి దిబ్బల మౌనం

రెండవ రోజు భీమిలి బీచ్ రోడ్డుపై సాగింది మా బస్సు. ఎడమ చేతివైపు కొండలు, కుడివైపు నీలి సముద్రం. రుషికొండ దాటాక తొట్లకొండ ఎక్కాము. సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండపై సుమారు రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. వాననీటిని పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. 1988, 1993 సంవత్సరాల నడుమ జరిగిన తవ్వకాలలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలూ దొరికాయి. అంటే ఇటలీ నుండి వచ్చిన సొమ్ము ఈ కొండ మీది విహారానికి చేరేంతగా అప్పటి సముద్ర వాణిజ్యం సాగిందన్నమాట. వాననీటిని దాచుకున్న ఆ తొట్ల ముందు మా ఆడవారు ఎక్కువసేపు ఆగారు. వేసవిలో ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా మేల్కొనే వీధి మాది.

అక్కడి నుండి ఎర్రమట్టి దిబ్బలకు వెళ్ళాము. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడవున పరచుకున్న ఈ దిబ్బలు చూస్తే నేల నిప్పు రంగు దాల్చిందా అనిపిస్తుంది. కోసుకుపోయిన లోయలలో కొన్ని 30 మీటర్ల వరకు లోతున్నాయి. ఇవి పుట్టిన తీరు ఆశ్చర్యకరం. సుమారు 20,000 ఏళ్ళ కిందట, భూగోళపు నీరు ఎంతో భాగం మంచుగా గడ్డకట్టినప్పుడు, సముద్ర మట్టం నేటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. బయటపడ్డ సముద్రపు ఇసుకను గాలి ఒడ్డుకు ఎగరవేసి దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలోని ఇనుము కలిసిన ఖనిజాలు తుప్పుపట్టి రేణువులకు ఎర్రని పూత పూశాయి. తరువాత వానలు ఆ మెత్తని దిబ్బలను చెక్కి లోయలు చేశాయి. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప వేరెక్కడా కనబడవు. రాతియుగపు మనుషుల పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరాయి.

ఇంత పేరున్నా దిబ్బల ఒంటి మీద గాయాలు స్పష్టంగా కనబడ్డాయి. అంచులలో మట్టి తవ్వుకుపోయిన చారలు, లోయ అడుగున ప్లాస్టిక్ సీసాలు, గోడలపై మేకులతో చెక్కిన పేర్లు. గైడు మమ్మల్ని ఒకే వరుసలో, పాత అడుగుజాడల వెంటే నడిపించాడు. "ఇది రాయి కాదండి, ఇసుక. మీరు గోడ ఎక్కితే ఊడిన పెళ్ళ మళ్ళీ అతుక్కోదు. గాలి, వాన పోసినదాన్ని పొక్లెయిను ఒక్క పూటలో ఎత్తుకుపోతుంది" అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్నే తాకి విశాఖను అతలాకుతలం చేసింది. అటువంటి తుఫానులు ఎన్నింటినో తట్టుకుని నిలిచిన దిబ్బలు మనిషి దురాశను తట్టుకోలేకపోతున్నాయి.

పిల్లలు తమంతట తామే సంచి అడిగి తీసుకుని సీసాలు ఏరడం మొదలుపెట్టారు. దారి నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని చిన్నప్పటి నుండి వారు విన్నదే. ఆ ఎర్రని లోయలో దానికి చేతులు వచ్చాయి.

గైడు తన మాటగా మరొకటి చేర్చాడు. "మీ హైదరాబాద్‌లోనూ రాళ్ళ గుట్టలు ఉన్నాయి కదండి?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఖాజాగూడ గుట్టలోని గ్రానైటు రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. తొట్లకొండ మీది విహారం నిన్నటిది, ఎర్రమట్టి దిబ్బలు మొన్నటివి, డాల్ఫిన్స్ నోస్ సైతం వాటి ముందు చిన్నదే. ఆ గుట్ట నీడలో హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది. 1347లో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన అలాఉద్దీన్ హసన్ బహమన్ షాకు ఆయన గురువని చెబుతారు. అదే గుట్టలో దేవాలయమూ, ధ్యానం చేసుకునే గుహలూ ఉన్నాయి. 1996 నుండి "సొసైటీ టు సేవ్ రాక్స్" అనే సంస్థ నగరపు శిలలను కాపాడమని కోరుతూనే ఉంది. అయినా మేడల పునాదుల కోసం రాళ్ళు పగులుతూనే ఉన్నాయి. నెలనెలా డబ్బు దాచి 600 కిలోమీటర్లు వచ్చిన మా పిల్లలలో సగం మంది ఇంటి పక్కనున్న ఆ గుట్టను ఒక్కసారైనా ఎక్కలేదు.

భీమిలి సమాధులు

మధ్యాహ్నానికి భీమునిపట్నం చేరాము. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలను తొలుచుకుంటూ వచ్చిన గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్ది మధ్యలో, ఈ తీరం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్నప్పుడు, డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. మన సాలెవారు నేసిన వస్త్రాలు వారి ఓడలలో తూర్పు దీవులకు వెళ్ళేవి. 1825లో వారు ఈ రేవును ఆంగ్లేయులకు అప్పగించారు. ఆ తరువాతి కాలంలో ఇక్కడి నుండి ఎగుమతైన గోగునారకు విదేశాలలో "బిమ్లీ జూట్" అన్న పేరే స్థిరపడింది. 1861లోనే భీమిలికి పురపాలక సంఘం ఏర్పడింది. నేడది నిశ్శబ్దంగా ఉండే చిన్న పట్టణం.

డచ్చివారి శ్మశానంలో రాతి పలకలపై చెక్కిన అక్షరాలు అరిగిపోయాయి. ఇల్లు వాకిలి వదిలి, ఓడలో నెలల తరబడి ప్రయాణించి వచ్చి, ఈ ఉప్పుగాలిలో కన్నుమూసిన వర్తకులు, వారి భార్యలు, పసిపిల్లలు. సంపద కోసం వచ్చినవారికి మిగిలింది ఆరడుగుల నేల. ఖుర్‌ఆన్ చూడమన్న ముగింపు ఇదే కాబోలు అని మా ఉపాధ్యాయుడు మెల్లగా అన్నారు. సమాధుల నడుమ పిల్లలను పరుగెత్తవద్దని ఎవరూ చెప్పలేదు. వారంతట వారే నెమ్మదించారు.

నాగావళి ఒడ్డున గోల్కొండ గుర్తు

మూడవ రోజు ఉదయం శ్రీకాకుళం బయలుదేరాము. మామూలు పర్యటనలలో ఈ మజిలీ ఉండదు. మేము కోరి చేర్చుకున్నాము. నాగావళి ఒడ్డున ఉన్న ఈ పట్టణంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో నిర్మించిన జామియా మసీదు ఉంది. అప్పట్లో సర్కారు కేంద్రమైన చికాకోల్ సన్నని మస్లిన్ వస్త్రాలకు ప్రసిద్ధి. ఆ నేతకు వారసత్వంగా నేటికీ పొరుగునే ఉన్న పొందూరులో సన్నఖద్దరు నేస్తున్నారు.

మసీదులో స్థానిక పెద్దలు మమ్మల్ని ఆదరించి కూర్చోబెట్టారు. వారిది మా దక్కనీ ఉర్దూకు భిన్నమైన యాస. తెలుగులోకి మారితే అచ్చమైన శ్రీకాకుళపు నుడి. "మీది గోల్కొండ, మాది గోల్కొండవారి ఊరు. అయితే మనం బంధువులమే" అని ఒక పెద్దాయన నవ్వారు. పర్యటనల ప్రచార పత్రాలలో ఈ మసీదు కనబడదు. కనబడాలంటే ముందు మన కుటుంబాలు అక్కడికి వెళ్ళాలి, జుహర్ చేసుకోవాలి, పిల్లలకు చూపాలి, తిరిగివచ్చి నలుగురికీ చెప్పాలి. ఎవరూ అడగని చరిత్రను ఏ గైడూ చెప్పడు.

బయలుదేరే కుటుంబాలకు

మా అనుభవంలో ఉపకరించిన కొన్ని సంగతులను పాఠకుల ముందుంచుతున్నాము. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఈ తీరం చల్లగా ఉంటుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలమూ అదే కనుక రాత్రివేళ బీచ్‌లో లైట్లు, కేకలు తగవు. వృద్ధులకు బస్సులో ముందు సీట్లు కేటాయించాలి, రెండు గంటలకొకసారి ఆపాలి. ఏ నమాజు ఏ ఊళ్ళో అన్నది ముందే రాసుకుని, ఆడవారికి వుజూ సౌకర్యం ఉన్న మసీదులను విచారించి పెట్టుకోవాలి. వంట సామగ్రి వెంట తీసుకువెళితే ఆహారం గురించి బెంగ ఉండదు, ఖర్చూ సగానికి తగ్గుతుంది. కిస్తీల మీద మాత్రం ప్రయాణం చేయవద్దు. ఏడాది ఆగినా సరే, చేతిలో సొమ్ము ఉన్నప్పుడే బయలుదేరడం మేలు. దూరం వెళ్ళే శక్తి లేనివారికి మన ఊరి చుట్టూ ఉన్న గుట్ట, చెరువు, పాత మసీదు, బావి చాలు. తెలిసిన పెద్దవారిని ఒకరిని వెంట పెట్టుకుని పిల్లలను నడిపిస్తే అదీ ప్రయాణమే.

మొదట అభ్యంతరం చెప్పిన ఆ ఇద్దరు పెద్దలలో ఒకరు ఇప్పుడు ఆదివారాలు ఫజ్ర్ తరువాత పిల్లలను ఖాజాగూడ గుట్టకు తీసుకువెళుతున్నారు. రాళ్ళ మీద పడేసిన సీసాలను పిల్లలు సంచులలోకి ఎత్తుతున్నారు. ఏ రాయి ఎక్కడ ఉందో ఒక పటం గీస్తున్నారు. ఏదైనా పగిలితే తెలియాలి కదా అని వారి సమాధానం. ఈ నేలపై మనిషిని తన ప్రతినిధిగా నిలిపిన అల్లాహ్ రేపు కొండల గురించి, నీటి గురించి, నేల గురించి మనల్ని ప్రశ్నించినప్పుడు జవాబు చెప్పుకోగల భాగ్యాన్ని మనందరికీ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.